నా కనుబొమలు, అతని సముద్రం

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, తుఫాను ఉంది. ఒక సింహాసనం కోసం ఇద్దరు యోధులు తలపడతారు. అసూయ కార్చిచ్చులా రగులుతుంది. పసిపిల్లలు భోరున ఏడుస్తారు. పర్వాలు పర్వాలుగా రాయాల్సిన కథ.

సరే, నిజం చెప్పేస్తాను. సముద్రం ఒక టాబ్లెట్‌లో ఉంది. తుఫాను మీద వేలు పెట్టి నిమిరితే ఆగిపోతుంది. సింహాసనం అంటే విజిటింగ్ కార్డు మీద 'లీడ్ డిజైనర్' అనే రెండు మాటలు, వాటితోపాటు ఫ్యాను కింద ఒక కుర్చీ. యోధుల్లో ఒకరికి ఎసిడిటీ. ఆ ఒకరు నేనే.

చిన్నపిల్లల యాప్‌లు చేసే ఆ ఉద్యోగం నుంచి నేను రిటైరయ్యాను. ఇంకా ముప్పై కూడా రాలేదు, రిటైరవడమేంటి అని అడగకండి. మా రంగంలో ఒక ఫోను పాతబడేలోపే ఒక తరం గడిచిపోతుంది. ఇప్పుడు రొయ్యల రైతులకి పనికొచ్చే యాప్ ఒకటి చేస్తున్నాను. రొయ్య మనసులో ఏముందో ఎవరూ అడగరు. దానికి బాగాలేకపోతే నీళ్ళమీద తేలుతుంది, అంతే. చాలా ప్రశాంతమైన ఉద్యోగం. కానీ చిన్నపిల్లల కోసం యాప్‌లు చేద్దామని కళ్ళు మెరిపించుకుంటూ వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ఆ రోజుల్లో ఎలా ఉండేదని. ఇలా ఉండేది.

మా కంపెనీ నెల్లూరులో ఒక బియ్యం కొట్టు పైన. మా ఓనరుగారు అంతకుముందు రైస్ మిల్లులకి సాఫ్ట్‌వేర్ చేసిన మనిషి. మూటలు, తూకం, వడ్లలో తేమ, లారీ నంబర్లు. ఆ పని చూసి మెచ్చుకుని ఒక ట్రస్టువాళ్ళు పిల్లల యాప్ ఇచ్చారు. వడ్లకీ పిల్లలకీ వాళ్ళకి కనిపించిన సంబంధం ఏమిటో నాకిప్పటికీ తెలియదు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు తమ మనసులో ఉన్నది కోపమా, దిగులా, భయమా అని గుర్తుపట్టి, దాన్ని ఎవరినీ కొరక్కుండా తగ్గించుకునేలా చేయాలి. అదీ పని.

ఓనరుగారు మీటింగు పెట్టారు. మీటింగు అంటే ఆయన కుర్చీ మా వైపు తిప్పడం.

"ఏముందమ్మా ఇందులో. మిల్లులో తేమ ఎంతుందో చూపించినాం గదా. ఇక్కడ కోపం ఎంతుందో చూపిస్తాం."

"సార్, వడ్లు అలగవు."

"నువ్వు అలుగుతావు గదా. అందుకే నీకిస్తుండా."

నాకు ఇచ్చారన్నమాట. ఆ కంపెనీలో మొదటి ఉద్యోగిని నేను. నేను చేరిన రోజు ఆ గదిలో ఒక టేబులు, ఒక నీళ్ళ క్యాను, మా ఓనరుగారు ఉండేవాళ్ళు. క్యాను మూత తీయడం కూడా నేనే ఆయనకు నేర్పించాను. ఎప్పటికైనా ఇక్కడ లీడ్ అంటూ ఎవరైనా అయితే అది నేనే అని నాకు నేను చెప్పుకుని చాలా కాలమైంది. ఓనరుగారితో చెప్పలేదు. ఆయనకి తెలుసులే అనుకున్నాను.

అప్పుడు చేరాడు అతను. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. బొమ్మలు వేస్తాడు, వాటిని కదిలిస్తాడు, సంగీతం కూడా తనే కడతాడు. అతనిలో ఉన్న లోపం ఏంటంటే లోపం లేకపోవడం. నేను చాలా వెతికాను. రైలు ఆలస్యమైన రోజు కూడా అతను టైముకే వచ్చేవాడు, ముందు రైలు ఎక్కేవాడు కాబట్టి. వస్తూ జామకాయలు తెచ్చి, ఉప్పూకారం పొట్లంతో సహా నా టేబులు మీదే ముందు పెట్టేవాడు. పైగా నాకంటే కొన్ని నెలలే చిన్న. అయినా మొదటి రోజు నుంచీ "అక్కా".

ఈ 'అక్కా' గురించి కొంచెం చెప్పాలి. శత్రువు పొగరుగా ఉంటే పగ దానంతట అదే పెరుగుతుంది, నీళ్ళు కూడా పోయక్కర్లేదు. శత్రువు "అక్కా, టీ చెప్పమంటావా" అంటుంటే మాత్రం పగని మనమే ఎత్తుకుని పెంచాలి. నేను పెంచాను. జామకాయలు తింటూనే పెంచాను.

పని మొదలుపెట్టాం. చదవడం రాని పిల్లలు కాబట్టి తెర మీద మాటలు ఉండవు, బొమ్మలే. పిల్ల తన మనసుకి దగ్గరగా ఉన్న బొమ్మ మీద వేలు పెట్టాలి. ఆ తర్వాత ఆ బొమ్మతో ఒక చిన్న ఆట. నేను ముఖాలు గీశాను. గుండ్రటి ముఖాలు. ముఖంలో మనసంతా కనుబొమల్లో ఉంటుందని నా సిద్ధాంతం. కోపానికి ఎంత దించాలి, భయానికి ఎంత లేపాలి అని నేను కనుబొమలతో కుస్తీ పడుతుంటే మా అమ్మ నన్ను చూసి, "ఏంది మే, మొహం అట్టా పెడుతుండావు, పంటినొప్పా?" అని లవంగం తెచ్చిచ్చింది.

అసూయకి కూడా ఒక ముఖం ఉండాలని నేను పట్టుబట్టాను.

"చిన్నపిల్లకాయలకి అసూయ ఏందమ్మా?" అన్నారు ఓనరుగారు.

"తమ్ముడు పుడితే తెలుస్తుంది సార్."

"నువ్వు చెప్తే నిజమే అయ్యుంటాదక్కా," అన్నాడు అతను, పూర్తి నమ్మకంతో.

అద్దం ఎదురుగా పెట్టుకుని ఆ ముఖాన్ని గీశాను. చాలా బాగా వచ్చింది. నేను ఆ కంపెనీలో చేసిన పనంతటిలో అదే ఉత్తమమైనదని ఇప్పటికీ అనుకుంటాను.

అతను సముద్రం గీశాడు. నాలుగు సముద్రాలు. ఒకటి అద్దంలా కదలకుండా ఉంటుంది, అది నెమ్మది. ఒకదాంట్లో చిన్న చిన్న అలలు ఎండలో ఎగురుతుంటాయి, అది సంతోషం. మబ్బు పట్టి బూడిదరంగులో ఉన్నది దిగులు. నాలుగోది తుఫాను, కొబ్బరిచెట్టంత అలలు, అది కోపం. పిల్ల తుఫానుని ఎంచుకుంటే, ఆ అలల మీద వేలితో మెల్లగా నిమరాలి. వేలు నెమ్మదిస్తే అల నెమ్మదిస్తుంది. వేలితోపాటు ఊపిరి నెమ్మదిస్తుంది. చివరికి అద్దంలాంటి నీళ్ళు మిగులుతాయి.

ఆఫీసులో ఎవరూ లేనప్పుడు నేను కూడా ఒకసారి నిమిరాను. పనిచేసింది. కుదుటపడ్డాను. కుదుటపడినందుకు మళ్ళీ మండింది.

ఓనరుగారికి రెండూ నచ్చాయి. ఆయనకి ఏ నిర్ణయమైనా తూకం వేస్తే తప్ప తేలదు. "రెండూ పిల్లకాయల దగ్గరికి తీసుకుపోదాం. ట్రస్టు మేడం దేన్ని ఒప్పుకుంటే ఆ మనిషే లీడ్. రెండో మనిషి వాళ్ళ కింద చేయాల," అన్నారు. అతను వెంటనే, "అక్కే ఉండనీండి సార్," అన్నాడు. ఓనరుగారు అతని మర్యాదకి మురిసిపోయారు. చూశారా, వద్దంటూ కూడా మార్కులు కొట్టేశాడు. నేను వద్దనలేదు. నాకు కావాలి.

మొదట బుచ్చిరెడ్డిపాలెం పోయాం, మా వాడుకలో బుచ్చి. అక్కడి ప్రైవేటు బడిలో ఎల్కేజీ, యూకేజీ పిల్లలు. ఇళ్ళన్నీ వరి పండించేవాళ్ళవి. నా ముఖాలు చూపించాను. నవ్వు ముఖం, ఏడుపు ముఖం టకటకా గుర్తుపట్టారు. నా ఉత్తమ కృతి, ఆ అసూయ ముఖం, ఒక బుడ్డోడి ముందుకి వచ్చింది. వాడు చాలాసేపు చూశాడు.

"దీనికి కడుపులో బాగాలేదు," అన్నాడు.

"కాదు నాన్నా, బాగా చూడు."

"బాత్రూముకి పంపీండి."

ఓనరుగారు కిటికీలోంచి బయటకి చూశారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

తర్వాత అతని సముద్రం. తుఫాను తెర మీదకి రాగానే పిల్లలు వెనక్కి జరిగారు. "ఇదెట్టుండాది?" అని అడిగాడు అతను. ఒక పాప, "మా తాత," అంది. తుఫాను వస్తే చేలో వరి పడిపోతుందట, తాత ఇంట్లో అందరి మీదా అరుస్తాడట, కుక్క మీద కూడా. తుఫాను అంటే కోపం అని ఆ పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నిమరమంటే ఎంత శ్రద్ధగా నిమిరారో! ఒక పాప, "ఊరుకో తాతా, ఊరుకో," అంటూ నిమిరింది. టీచర్లు చప్పట్లు కొట్టారు. ఫోన్లో వీడియో తీసి ఓనరుగారు అక్కడికక్కడే ట్రస్టు మేడానికి పంపించారు. నా ముఖాల వీడియో ఏదీ అని అడిగితే, "ఫోన్లో చార్జింగ్ అయిపోయిందమ్మా," అన్నారు. ఆ ఫోన్లోనే మాట్లాడుకుంటూ కారెక్కారు.

తిరిగొస్తుంటే బాగా ఆలస్యమై అతనికి రైలు పోయింది. మర్యాద కోసం మా ఇంటికి రమ్మన్నాను. రాడనుకున్నాను. వచ్చాడు. మా అమ్మ ఆ రోజు చేపల పులుసు పెట్టింది. మా ఇంట్లో చేప తలకాయ నాది. నాన్న కూడా దాని జోలికి రాడు. అమ్మ గరిటెతో తలకాయ తీసి, నా కంచం దాటించి, అతని కంచంలో వేసింది.

"అబ్బయ్యా, సన్నగా ఉండావు, తిను."

"అక్కకి వెయ్యండమ్మా."

"దాని మొహం, అది రోజూ తింటానే ఉంటాది."

మా అమ్మ అతన్ని ఊరు అడిగింది, చెల్లెలు ఏం చదువుతుందో అడిగింది, రైల్లో కిటికీ పక్కన కూర్చోబాకు, కళ్ళలో దుమ్ము పడుద్ది అని చెప్పింది. నేను ఎన్నేళ్ళు ఉద్యోగం చేసినా మా అమ్మ నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "ఆ ఫ్యాను బాగు చేయించినారా?" ఎసిడిటీ ఆ రాత్రే మొదలైంది. పులుసులో మామిడికాయ పులుపు ఎక్కువైందని అమ్మ అంది. అయ్యుండొచ్చు.

ఇక అసలు రోజు. ట్రస్టు మేడం చెన్నై నుంచి తనే వస్తానన్నారు. రెండో పరీక్ష సముద్రం ఒడ్డున, చేపల వేటకి పోయేవాళ్ళ పాలెంలో, అక్కడి అంగన్‌వాడీలో. నెల్లూరు నుంచి తూర్పుకి పోతే ముందు వరి చేలు, అవి అయిపోయాక రొయ్యల గుంటలు, ఆ తర్వాత సరుగుడు తోపులు, ఆపైన ఇసుక. కారు ఇసుకలో కూరుకుపోయింది. నలుగురు మగవాళ్ళు వచ్చి నెట్టారు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. పడవలన్నీ ఒడ్డుకి లాగి ఉన్నాయి. మగవాళ్ళు వాటి నీడన కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. సముద్రం పెద్దగా రొద పెడుతోంది. మా ఓనరుగారు సంబరపడిపోయారు. "చూడమ్మాయ్, బ్యాక్‌గ్రౌండ్ సౌండు కూడా కుదిరింది," అన్నారు. సముద్రం బొమ్మలకి సముద్రం ఒడ్డు. ఇంక నేను ఇంటికి పోవచ్చు అనిపించింది.

నాకూ ఒక చిన్న ఆశ లేకపోలేదు. ఎదుటివాడి పని చెడిపోవాలని దేవుణ్ణి కోరుకోవడం తప్పంటారు. నేను దేవుణ్ణి ఇబ్బంది పెట్టలేదు. కరెంటు పోతే బాగుండునని మాత్రం అనుకున్నాను. టాబ్లెట్‌కి కరెంటు అక్కర్లేదని తర్వాత గుర్తొచ్చింది.

పిల్లలు చాప మీద కూర్చున్నారు. అతను టాబ్లెట్ మధ్యలో పెట్టి, "ఈ రోజు మీ మనసు ఎట్టుండాది? ఏ సముద్రం మాదిరుండాది?" అని అడిగాడు. మొదటి పిల్ల తుఫాను మీద వేలు పెట్టింది. రెండోవాడూ తుఫానే. మూడో పిల్ల ఆగలేక మీద పడి తుఫాను నొక్కింది. అందరూ తుఫానే. నొక్కి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు.

ట్రస్టు మేడం కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంతమంది పిల్లలకి ఒకేసారి కోపమా? ఇక్కడ ఏమైనా గొడవ జరిగిందా?" అని అంగన్‌వాడీ టీచరమ్మని అడిగారు.

"ఏం జరగలేదమ్మా. ఇప్పుడే గుడ్లు తిన్నారు," అంది టీచరమ్మ భయంగా. గుడ్ల మీద ఫిర్యాదేమో అనుకున్నట్టుంది.

మా ఓనరుగారి నుదుటి మీద చెమట. "కోపం తగ్గించి చూపీ, తగ్గించి చూపీ," అని అతనికి సైగ చేశారు. అతను వంగి, "ఇప్పుడు మనం ఈ అలల్ని మెల్లగా..." అంటూ తనే నిమరడం మొదలుపెట్టాడు. తుఫాను తగ్గింది. అలలు కుంగాయి. నీళ్ళు అద్దంలా అయ్యాయి. బుచ్చిలో చప్పట్లు పడింది సరిగ్గా ఇక్కడే.

ముందు వరసలో రెండు పిలకల పాప ఒకతి అతని చెయ్యి పట్టుకుని లాగేసింది.

"తగ్గించబాకు!"

అతను ఆగాడు. అప్పటికే తగ్గిపోయింది. పాప ఆ నిశ్చలమైన నీళ్ళ వంక చూసి పెదవి విరిచి, భోరుమంది. పక్కవాడు ఆమెని చూసి ఏడ్చాడు. మిగిలినవాళ్ళు, ఎందుకైనా మంచిదని, వాళ్ళూ అందుకున్నారు. పిల్లల మనసు కుదుటపరచడానికి మేము తయారుచేసిన యాప్ ఒక అంగన్‌వాడీ మొత్తాన్ని ఏడిపించింది.

నేను చాలా బాధపడ్డట్టు ముఖం పెట్టాను. కనుబొమలు ఎక్కడ ఉంచాలో నాకు బాగా తెలుసు.

"మీ ముఖాలు చూపించండి," అన్నారు మేడం నా వైపు తిరిగి. చూపించాను. నా యాప్ నూటికి నూరుపాళ్ళు సరిగ్గా పనిచేసింది. పిల్లలందరూ ఏడుస్తున్నారు, అందరూ ఏడుపు ముఖం మీదే వేలు పెట్టారు. "ఇది స్పష్టంగా ఉంది," అన్నారు మేడం. ఓనరుగారు నా చెవిలో, "నువ్వే అమ్మాయ్, ఫ్యాను కుర్చీ నీదే," అన్నారు.

అలా నేను లీడ్ డిజైనర్ అయ్యాను. టీచరమ్మ అందరికీ టీ పోసేదాకా ఆ పదవిలో ఉన్నాను.

టీ తాగుతూ చూస్తే అతను చాప మీదే ఉన్నాడు. ఆ పిలకల పాపని బతిమాలుతున్నాడు. నా లెక్కలో ఓడిపోయినవాడు గోడకానుకుని కూర్చోవాలి, లేదా బయటకి పోయి ఫోన్ చూసుకోవాలి. ఇతనికి ఓడిపోవడం కూడా సరిగ్గా రాదు.

"ఏమ్మా, ఎందుకు తగ్గించొద్దన్నావు? సముద్రానికి కోపమొచ్చింది గదా, పాపం."

"దానికి కోపమొస్తే నీకేంది?" అంది పాప, ముక్కు తుడుచుకుంటూ.

"నాకేం లేదులే. నీకు?"

"మా నాయన ఇంటికాడుంటాడు."

పాపే చెప్పింది. సముద్రం ఇట్టా ఎగిరితే వేట లేదు. వేట లేకపోతే నాయన పోడు. పొద్దున లేస్తే పక్కలోనే ఉంటాడు.

ఇంక మిగిలినవాళ్ళు ఊరుకుంటారా? ఏడుపు సగంలో ఆపేసి మొదలుపెట్టారు.

"మా నాయన పాత వల తెచ్చి ఉయ్యాల కట్టినాడు!"

"మా నాయన బోండాలు తెస్తాడు!"

"మా నాయన పడుకోనుంటాడు. నేను పొట్ట మీదెక్కి దూకతా!"

"మా నాయన తిడతాడు," అన్నాడు ఒకడు గంభీరంగా. "ఇంట్లోనే ఉండి తిడతాడు." ఆ చివరి మాట గొప్పగానే చెప్పాడు.

బయట ఒడ్డుకి లాగి ఉన్న పడవలు, వాటి పక్కన మగవాళ్ళు. అందరం చూసుకుంటూనే లోపలికి వచ్చాం. మా కారు నెట్టింది కూడా వాళ్ళే.

అతను టాబ్లెట్‌లో అద్దంలాంటి సముద్రం తీసి పాపకి చూపించాడు. "మరి ఇది? ఇది మంచిగా లేదా?"

పాప దగ్గరగా వంగి, తెర అంతా వేలితో వెతికి చూసింది.

"ఇందులో మా నాయన కనపళ్ళా," అంది. "శానా దూరం పోయుండాడు."

ట్రస్టు మేడం కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకున్నారు. ఉప్పుగాలికి అద్దాలు మసకబారతాయి, నాకు తెలుసు. ఇంతలో వెనక వరస నుంచి ఒకడు, "టీచర్, ఒంటికి," అని వేలు చూపించాడు. టీచరమ్మ వాణ్ణి తీసుకుపోయింది.

అప్పుడు అతను తలెత్తి, ఏదో అప్పుడే తట్టినట్టు, "మేడం, ఏ సముద్రం దేనికో మనమెందుకు చెప్పాల? మొదటిసారి తెరిచినప్పుడు పిల్లకాయల్నే అడుగుదాం. నీ సంతోషం ఏ సముద్రం, నీ దిగులు ఏది అని. బుచ్చి పాపకి తుఫాను తాత. ఈ పాపకి నాయన. ఎవురి సముద్రం వాళ్ళది," అన్నాడు.

మేడం అతని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. చేప తలకాయ వేసేటప్పుడు మా అమ్మ కూడా అట్లాగే చూసింది.

ఓడిపోవడం ఒక సంగతి. గెలిచినవాళ్ళ చేతిలో ఓడిపోతాం, సర్దుకుంటాం. ఇతను నా కళ్ళముందే చిత్తుగా ఓడిపోయి, ఆ ఓటమినే మడతపెట్టి జేబులో పెట్టుకుని గెలిచాడు. తన యాప్ పిల్లల్ని ఏడిపించినందుకు గెలిచాడు. నా యాప్ వాళ్ళ ఏడుపుని తప్పు లేకుండా గుర్తించినందుకు నేను ఓడిపోయాను. న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి.

తిరుగు ప్రయాణంలో కారు మళ్ళీ ఇసుకలో కూరుకుపోయింది. అతను దిగి నెట్టాడు. నేనూ దిగాను, నెట్టినట్టు చెయ్యి పెట్టాను.

అతను లీడ్ అయ్యాడు. ఫ్యాను కింద కూర్చోలేదు. "నువ్వు కూర్చో అక్కా, నాకు గాలి పడదు," అన్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ గాలిలో నాకు ఒక్కరోజు కూడా చల్లగా అనిపించలేదు. నా ముఖాలు తీసేయకుండా, ఏదో ఒక మూల పెద్దలకి సూచనలు చెప్పే పేజీలో వాడాడు. అసూయ ముఖాన్ని 'బిడ్డకు కడుపునొప్పి ఉందేమో చూడండి' అనే చోట పెట్టాడు. అక్కడ అది చక్కగా అతికింది. దాని గురించి ఇంతకుమించి మాట్లాడను.

తల్లుల ఫోన్లలో, తండ్రుల ఫోన్లలో యాప్ వేశారు. కొంతకాలం గడిచాక ట్రస్టువాళ్ళు నెల్లూరులో ఒక హోటల్లో సభ పెట్టారు. తెర మీద గ్రాఫులు. బుచ్చి పిల్లల గీత పైకీ కిందకీ పోతోంది. కొంచెం సంతోషం, కొంచెం దిగులు, మధ్యలో తాత. ఆ తర్వాత పాలెం పిల్లల గీత వచ్చింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ గీత మొదటి నుంచి చివరిదాకా పైనే ఉంది. తెరిచిన ప్రతిసారీ సంతోషం. దిగులు దాదాపు లేనే లేదు. "ఈ యాప్ ఆ పిల్లల జీవితాన్ని ఎలా మార్చిందో చూడండి," అన్నారు మేడం.

అతనికి శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. మా అమ్మ కూడా వచ్చింది, నేను పిలవలేదు, అతను పిలిచాడు. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. అతను మైకులో, "అక్క లేకపోతే ఇది లేదు," అన్నాడు. జనం నా వైపు తిరిగి చూశారు. నేను నవ్వు ముఖం పెట్టాను. కనుబొమలు రెండూ సమంగా, కొంచెం పైకి. ఆ గీత పక్కన నా పేరు ఉండాల్సిందని, ఆ శాలువా నా భుజం మీద ఇంకా బాగా ఉండేదని, భోజనాల దగ్గర కూడా అనుకుంటూనే ఉన్నాను. గులాబ్ జామూను మాత్రం రెండుసార్లు వేయించుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే రొయ్యలవైపు వచ్చేశాను. ఆ గీతని తలుచుకుంటే మాత్రం ఎసిడిటీ తిరగబెట్టేది.

మొన్నీమధ్య రొయ్యల గుంటల పనిమీద ఆ వైపు పోయి, దాహమేసి పాలెంలో ఆగాను. పిలకల పాప వాళ్ళమ్మ గుర్తుపట్టి నీళ్ళిచ్చింది. యాప్ వాడుతున్నారా, పాప రోజూ ఆడుకుంటుందా అని అడిగాను.

"రోజూ యాడమ్మా. ఇంటికి ఒకటే ఫోను. ఆయన వేటకి పోతే ఫోను గూడా పడవలోనే పోద్ది. వాళ్ళ నాయన ఇంటికాడున్న నాడే దీనికి ఆ ఆట."